పొయ్యి మీద వేలాడిన గెల

మొర్జినా బేగం అరటిగెల తీసుకునే ముందు గోటితో గిల్లి చూస్తుంది. తొడిమ పక్కన బొటనవేలి గోరు దింపి తీయగానే తెల్లటి జిగురు బొట్టులా ఉబికి వేలికి అంటుకోవాలి. అంటుకుంటే గెల వంటింట్లోకి వస్తుంది. లేకపోతే పడవలోనే ఉండిపోతుంది. గెలలు తెచ్చే ఇద్రీస్ మియాకి ఇదంటే ఒళ్లు మంట.

"ప్రతి కాయకీ సూది పొడుస్తావేంటి భాబీ. నువ్వు వద్దన్నవి రేపు సంతలో ఎవడు కొంటాడు?"

"ఈ గుమ్మం దాకా వచ్చాక ఎవరికైనా సూది తప్పదు ఇద్రీస్. పోయిన వానాకాలం నువ్వు తప్పించుకున్నావా ఏంటి?"

పోయిన వానాకాలం ఇద్రీస్ మూడు రోజులు ఇదే ఆసుపత్రిలో, మధ్యలో కన్నం ఉన్న మంచం మీద, కింద బకెట్టుతో పడుకున్నాడు. ఆ సంగతి ఎత్తితే చాలు, అతను గెల దించి వెళ్లిపోతాడు.

మేఘనా నది ఒడ్డున, లాంచీల రేవు పక్కనే ఉన్న ఆ ఆసుపత్రికి బోర్డు మీద పొడుగాటి పేరేదో ఉంది. చుట్టుపక్కల లంకల్లో మాత్రం అందరికీ అది కలరా ఆసుపత్రే. ఇరవై రెండేళ్ల కిందట మొర్జినా అక్కడ నేల తుడవడానికి చేరింది. వంట చేసే ముసలామెకి మోకాళ్లు పట్టేసి ఇంటికెళ్లిపోతే గరిటె ఈమె చేతికొచ్చింది. అప్పటినుంచి ఆ గరిటె ఇంకెవరి చేతికీ వెళ్లలేదు. ఇంట్లో భర్త, పెళ్లయిన ఇద్దరు కొడుకులు, కోడళ్లు ఉన్నారు. ఇంటి పొయ్యి కోడళ్లకి వదిలేసింది గానీ ఆసుపత్రి పొయ్యి దగ్గరికి పురుగుని కూడా రానివ్వదు.

ఆ పొయ్యి మీద అన్నిటికంటే ముఖ్యమైంది పిల్లల జావ. మామూలు కలరా రెండు మూడు రోజుల్లో తేలిపోతుంది. ఉప్పు, చక్కెర కలిపిన నీళ్లు పట్టించి పంపేస్తారు. కొందరు పిల్లలకి మాత్రం రెండు వారాలు దాటినా విరేచనాలు ఆగవు. తిన్నది తిన్నట్టే పోతుంటుంది, పక్కటెముకలు లెక్కపెట్టొచ్చు. ఆ పిల్లల కోసం మొర్జినా పచ్చి అరటికాయల్ని తొక్కతోనే ఉడకబెట్టి, ఒలిచి, పప్పుగుత్తితో మెత్తగా మెదిపి, బియ్యప్పిండి జావలో కలుపుతుంది. నూరిన కోడిమాంసం కొంచెం, చెంచా నూనె, చిటికెడు ఉప్పు. అంతే.

ఈ వంట చేయమని రెండేళ్ల కిందట డాక్టర్ లుబ్నా చెప్పినప్పుడు మొర్జినా మూతి తిప్పింది. లుబ్నా ఢాకాలో చదువుకుని కొత్తగా వచ్చిన పిల్ల. మొర్జినా కంటే ఇరవై ఏళ్లు చిన్న. అయినా డాక్టరు కాబట్టి మొర్జినా ఆమెని అక్కా అన్నట్టు ఆపా అంటుంది. ఆమె మొర్జినాని పిన్నీ అన్నట్టు ఖాలా అంటుంది.

"ఇందులో మందేముంది ఆపా? కడుపు చెడితే పెద్దవాళ్లకి మా అత్త కూడా అరటికాయ పులుసే పెట్టేది."

"మీ అత్తకి తెలిసిందే మేం ఇప్పుడు తూకం వేసి చూస్తున్నాం ఖాలా. పచ్చికాయలో పిండి ఉంటుంది చూడు, అది చాలావరకు పై పేగుల్లో అరగదు. అలాగే కిందకి, పెద్దపేగు దాకా పోతుంది. అక్కడ మనకి మేలు చేసే క్రిములు బోలెడు కాచుక్కూర్చుంటాయి. అవి దాన్ని తిని పులియబెడతాయి."

"పులియబెట్టడమేంటి?"

"నువ్వు మిగిలిన అన్నంలో నీళ్లు పోసి ఉంచితే పొద్దుటికి పుల్లబడుతుందిగా, అలాగే. ఆ పులుపు పేగు గోడకి తిండి. తిండి దొరికితే గోడకి బలమొచ్చి, బయటికి పోయే నీళ్లని వెనక్కి లాక్కుంటుంది. జబ్బు చేసే క్రిమికేమో ఆ పులుపు గిట్టదు."

మొర్జినా చేతిలోని కాయని తిప్పి చూసింది.

"అంటే నేను వండేది పిల్లకి కాదన్నమాట. పిల్ల పొట్టలో పురుగులకి."

"ముందు వాటికి, తర్వాత పిల్లకి."

"మంచిదేలే. ఉప్పు తక్కువైందని అవి సణగవు."

అప్పటినుంచి జావ గిన్నె వార్డులోకి తీసుకెళ్తూ, "జరగండి, లోపలి చుట్టాలకి భోజనం తెచ్చా" అనడం ఆమెకి అలవాటైంది.

నిజానికి మొర్జినాని ఆ ఆసుపత్రిలో ఇరవై రెండేళ్లు కట్టిపడేసింది జీతం కాదు, చెల్లెలు ఫూలి.

మొర్జినాకి ఎనిమిదేళ్లప్పుడు మూడేళ్ల ఫూలికి విరేచనాలు పట్టుకున్నాయి. కడుపు జారుతున్నప్పుడు కడుపుకి ఏమీ పెట్టకూడదనేది ఆ రోజుల్లో ఇంటింటి పద్ధతి. తల్లి పొద్దున్నే ఊళ్లో వాళ్ల ధాన్యం దంచడానికి వెళ్తూ, అన్నం కుండ ఉట్టి మీద పెట్టి, కింద మొర్జినాని కూర్చోబెట్టింది. "అది ఎంత ఏడ్చినా మెతుకు పెట్టకు. పెట్టావంటే చెల్లెల్ని నువ్వే చంపుకున్నట్టు" అని చెప్పింది. ఫూలి మొదటి రోజు ఏడ్చింది. రెండో రోజు అక్క మోకాళ్లు పట్టుకుని, ఉట్టి వైపు చూపించి, "బుబూ, కొంచెం" అంది. మూడో రోజు ఊరికే ఉట్టి వైపు చూసింది. నాలుగో రోజు చూడలేదు.

ఎవరూ మొర్జినాని ఏమీ అనలేదు. పైపెచ్చు తల్లి చాలా కాలం ఇరుగుపొరుగుతో, "నా పెద్దది గట్టిది, ఒక్క మెతుకు పెట్టలేదు" అని మెచ్చుకుంటూ ఉండేది. ఆ మెప్పు మొర్జినా మర్చిపోలేదు. ఆసుపత్రిలో చేరిన కొత్తలో, విరేచనాలవుతున్న పిల్లకి నర్సు చెంచాతో అన్నం పెట్టడం చూసి చీపురు పట్టుకుని అక్కడే నిలబడిపోయింది. "పెట్టొచ్చా?" అని అడిగింది. "పెట్టకపోతే ఎలా బతుకుతుంది?" అంది నర్సు. అంతే, ఇంక ఆ ఆసుపత్రి వదలలేదు.

ఆ జావ మొదలైన రెండేళ్లకి, రెండువేల నాలుగులో, వరదొచ్చింది. శ్రావణంలో మొదలైన నీళ్లు ఆసుపత్రి మెట్లన్నీ ఎక్కి, వంటింట్లో చీలమండల దాకా నిలిచాయి. రోగులు రెండింతలయ్యారు. వరండాలో కూడా మంచాలు వేశారు. బియ్యం బస్తాలు బల్లల మీదికి, పప్పు డబ్బాలు అటక మీదికి ఎక్కాయి. మామూలుగా వెనక గదిలో నేల మీద చల్లగా పడుండే అరటిగెలలకి చోటు లేకపోయింది. మొర్జినా చుట్టూ చూసి, పొయ్యికి పైన దూలానికున్న కొక్కేనికి గెలలు వేలాడదీసింది. నీళ్లు తగలని చోటు అదొక్కటే మిగిలింది మరి.

ఆ వారమే షెఫాలి వచ్చింది. నది మధ్య లంక నుంచి వచ్చిన పంతొమ్మిదేళ్ల పిల్ల. భర్త చేపల పడవతో సముద్రం మీద ఉన్నాడు. చంకలో పది నెలల కూతురు మోయ్నా, వెనకాల అత్త జోబేదా. మోయ్నాకి పదిహేడు రోజులుగా విరేచనాలు. మొదట్లో నెత్తురు పడింది, తర్వాత ఒట్టి నీళ్లు. కొక్కెం తూకానికి వేలాడదీస్తే ఐదు కిలోల రెండొందల గ్రాములు తూగింది. పది నెలల పిల్లకి అది మూడొంతుల్లో రెండొంతుల బరువు కూడా కాదు.

లుబ్నా పిల్లని అటూ ఇటూ తిప్పి చూసి, పొట్ట చర్మం వేళ్లతో పట్టి వదిలింది. ముడత మెల్లగా విడింది.

"నెత్తురు పడ్డప్పుడే క్రిమి పేగు గోడ గీరేసింది. ఇప్పుడు క్రిమి పోయినా గోడ మానలేదు. పేగు మానడానికి జింక్ మందిస్తాం, తల్లి పాలు ఆపొద్దు. రోజుకి ఆరుసార్లు ఖాలా చేసే జావ పెట్టాలి."

జోబేదా చేతిలో తమలపాకు అలాగే ఆగిపోయింది. "ఆరుసార్లా? కడుపు మండిపోతుంటే అందులో ఇంకా కట్టెలు పెడతారా? మా లంకలో ఇలాంటప్పుడు పిల్ల నోట్లో నీళ్లు తప్ప ఏం పొయ్యం."

గుమ్మంలో నిలబడ్డ మొర్జినా, "మీ లంకలో పిల్లలు ఎంతమంది మిగిలారు దాదీ?" అంది.

అనేశాక తనకే బాగోలేదు. జోబేదా ఆమె వైపు ఎగాదిగా చూసింది.

"నాకు ఏడుగురు. మిగిలింది ఒక్కడు, ఇదిగో దీని మొగుడు. నీ నోరు బానే ఉంది గానీ, నీ వంట ఎలా ఉంటుందో చూద్దాం."

మొదటి మూడు రోజులు ఆ వంటే మాట్లాడింది. రోజుకి పదకొండుసార్లయ్యే విరేచనాలు ఐదుకొచ్చాయి. మోయ్నా మొదట్లో జావ ఉమ్మేసేది. మొర్జినా ఒక చెంచా పెట్టి, ఆగి, ఇంకో చెంచా పెట్టి, గంటసేపు కూర్చుని గిన్నె ఖాళీ చేయించేది. మూడో రోజు పొద్దున తూకం ఐదు కిలోల రెండొందల తొంభై చూపించింది. షెఫాలి ఆ ముల్లు వైపు చూస్తూనే ఉండిపోయింది.

"తొంభై గ్రాములంటే ఎంత ఖాలా?"

"ఒక కోడిగుడ్డు, దానిమీద ఇంకో సగం."

జోబేదా గిన్నెలో అడుగంటిన జావని వేలితో తుడిచి నోట్లో పెట్టుకుంది. లంకల వాళ్లు అన్నమన్నది పారేయరు. "చప్పిడి మట్టిలా ఉంది. దీనికి పెరుగుతోందా ఇది?" అంది. అయినా ఆ పూట నుంచి గిన్నె రాకముందే పిల్ల మూతి తుడిచి సిద్ధంగా ఉంచేది.

నాలుగో రోజు నుంచి ఇద్రీస్ పడవ రాలేదు. సంత మునిగిపోయిందన్నారు. కొక్కేనికి వేలాడుతున్న గెలలే దిక్కు. మొర్జినా వాటిని దించి చూస్తే పచ్చదనం కాస్త వెలిసినట్టుంది, వేలితో నొక్కితే మెత్తగా దిగుతోంది. ఆమె గిల్లి చూడలేదు. గిల్లేది కొనేటప్పుడే. అయినా ఇవి తినే అరటి కావు, కూర అరటి. కూర అరటి కొంచెం మెత్తబడితే మాత్రం ఏమవుతుంది, కూర అరటే కదా అనుకుంది. ఉడికాక తొక్క నల్లబడి అన్నీ ఒకలాగే కనిపించాయి. మెదపడం కూడా తేలికైంది.

ఆ జావని మోయ్నా ఉమ్మలేదు. గిన్నె కనపడగానే చేతులాడించింది, గబగబా మింగింది, చెంచా వెనక్కి తీస్తే ఏడ్చింది. పక్క మంచాల పిల్లలూ అంతే. తల్లులు, "ఇవాళ ఏం కలిపావు ఖాలా?" అని అడిగితే మొర్జినా, "చెయ్యి తిరిగింది" అని నవ్వింది. జోబేదా కూడా గిన్నె తుడిచి, "ఇదీ వంటంటే. ఇన్నాళ్లూ దాచుకున్నావు" అంది. ఇరవై రెండేళ్లలో పిల్లలు తన వంట కోసం ఏడవడం మొర్జినా అదే మొదటిసారి వినడం. రెండు రోజులు ఆమెకి నేల మీద కాళ్లు ఆనలేదు.

ఆరో రోజు పొద్దున ముల్లు ఐదు కిలోల నూట ముప్పై దగ్గర ఆగింది.

లుబ్నా పిల్లని దించి మళ్లీ వేలాడదీసింది. అదే ముల్లు, అదే చోటు. విరేచనాలు మళ్లీ తొమ్మిదికి చేరాయి. పిరుదులు ఎర్రగా ఒరిసిపోయాయి.

"శనివారం నుంచి ఢాకా లాంచీ తిరుగుతుందంటున్నారు. అప్పటికి బరువు పెరగకపోతే పంపించక తప్పదు," అంది లుబ్నా.

"పంపిస్తే తగ్గుతుందా ఆపా?" అని షెఫాలి అడిగింది.

లుబ్నా పిల్లకి గుడ్డ చుట్టింది. "ఈ నీరసంలో పది గంటల ప్రయాణం తట్టుకుంటుందా అనేదే నా భయం. ఏం పెట్టారో చెప్పండి. నీళ్లు ఎక్కడివి? జావ కాక ఇంకేమైనా?"

"నా జావ తప్ప ఏం లేదు," అంది మొర్జినా. అలా అంటూనే ఆమె కళ్లు జోబేదా మూట మీద పడ్డాయి. మూట పట్టుకుని విప్పింది. తమలపాకులు, చీర, ఒక గుడ్డ సంచి. సంచిలో తాటి కలకండ.

"ఇదేంటి దాదీ? పిల్ల నోట్లో చక్కెర గడ్డలు పెట్టి, నా జావని తిడతావా?"

వార్డంతా ఇటు తిరిగింది. జోబేదా లేవలేదు, అరవలేదు.

"అది నా దగ్గుకి. పిల్లకి పెట్టానని నీకెవరు చెప్పారు?"

"చెప్పేదేంటి, కనపడుతోందిగా."

"ఆరుగురిని పాతిపెట్టినదాన్ని. ఏడోవాడి కూతురికి నేనే పెడతానా విషం?" అంటూ జోబేదా మూట దగ్గరికి లాక్కుని ముడేసుకుంది.

మధ్యాహ్నం జావ గిన్నె తెచ్చినప్పుడు ముసలామె మొర్జినా కొంగు పట్టుకుని ఆపింది.

"కూర్చో. ఇది నువ్వు తిను ఒక చెంచా."

"నాకెందుకు?"

"నువ్వు వండింది నువ్వు తినలేవా? నేను రోజూ గిన్నె నాకుతున్నా. మొదటి మూడు రోజులు చప్పిడి. తర్వాత తీపి. చక్కెర ఎవరి దగ్గరుందో నాలిక్కి తెలీదా?"

మొర్జినా చెంచా నోట్లో పెట్టుకుంది. తియ్యగా ఉంది. ఇంకో చెంచా తిన్నా అంతే. ఆమె చక్కెర డబ్బా ముట్టుకోనేలేదు. గిన్నె మంచం మీద పెట్టి వంటింట్లోకి వెళ్లింది. దూలం మీద మిగిలిన గెల తొడిమ దగ్గర గోరు దింపింది. జిగురు రాలేదు. వేలు పొడిగా ఉంది. ఒక కాయ ఒలిచి కొరికింది. లోపల సగం పండు.

పొయ్యి పొగ పైకి లేచి గెల చుట్టూ తిరుగుతోంది. పొగ పెడితే అరటి పండుతుందని ఆమెకి తెలియనిది కాదు. పండగలకి మట్టికుండలో పొగబెట్టి గెలలు పండించిన చేతులే అవి. పండితే పిండంతా చక్కెరవుతుందని, అప్పుడు లోపలి చుట్టాలకి ఏమీ మిగలదని మాత్రం తట్టలేదు. పిల్ల గబగబా తింటుంటే తన చెయ్యి తిరిగిందనుకుంది. ఎనిమిదేళ్లప్పుడు పెట్టకుండా కాపలా కాసింది. ఇప్పుడు పెడుతూ పెడుతూ అదే పని చేసింది. ఆమె పీట మీద కూర్చుండిపోయింది. నీళ్లు పీట కాళ్ల చుట్టూ కదులుతున్నాయి.

లేచి తిన్నగా లుబ్నా దగ్గరికి వెళ్లింది. కాయ బల్ల మీద పెట్టింది.

"తప్పు నాది ఆపా. పొగకి పండినవి వండాను, మూడు రోజులు."

లుబ్నా కాయ తిప్పి చూసింది. "ఇదొక్కటే కారణమని ఒట్టేసి చెప్పలేను ఖాలా. వరద నీళ్లూ ఉన్నాయి. కానీ గోడ దెబ్బతిన్న పేగు తీపిని పీల్చుకోలేదు. ఆ తీపి పేగులో ఉండి నీళ్లని ఇంకా బయటికి లాగుతుంది. ఇది ఆపాల్సిందే. వేరే పిల్లల్ని కూడా చూస్తా. పచ్చివి ఎక్కడైనా దొరుకుతాయా?"

"సంత మునిగింది."

"అయితే ఒట్టి బియ్యం జావే పెడదాం. నువ్వొచ్చి చెప్పావు కాబట్టి తెలిసింది. లేకపోతే నేను మందులు మార్చుకుంటూ కూర్చునేదాన్ని."

వార్డులో జోబేదా వక్క కొరుకుతోంది. మొర్జినా ఆమె మంచం పక్కన నేల మీద కూర్చుంది. అందరూ వినేలాగే చెప్పింది.

"తీపి నాదే దాదీ. నీ మూట విప్పి నీ పరువు తీశాను. నన్ను ఏమన్నా అను."

జోబేదా వక్క నమిలి మింగింది. "అంటాలే, తీరిగ్గా. ముందు పచ్చికాయల సంగతి చెప్పు. దొరకవన్నావా?"

"ఎక్కడ దొరుకుతాయి, అన్నీ మునిగాయి."

"ఒడ్డు మీద ఇళ్లు కట్టుకున్నవాళ్లకి బుర్రలు కూడా ఎండిపోతాయి. వరదలో మనుషులు దేనిమీద తిరుగుతున్నారు? తెప్పల మీద. తెప్ప దేంతో కడతారు? అరటి బోదెల్తో. బోదెలు నరికినవాళ్లు గెలలేం చేశారు?"

మొర్జినా తలెత్తి చూసింది.

ఆసుపత్రి మెట్లకి కట్టేసి ఉన్న తెప్ప మీద ఇద్దరూ ఎక్కారు. గడ జోబేదా చేతిలో ఉంది. మొర్జినా తెప్ప మధ్యలో చతికిలబడి రెండు చేతులా బోదెలు పట్టుకుంది.

"అలా పట్టుకుంటే తెప్ప నీ నుంచి పారిపోదులే. కాస్త పక్కకి జరుగు, బరువంతా ఒకవైపే ఉంది."

"నేనంత లావా?"

"ఇరవై రెండేళ్లు వంటింట్లో ఉన్నదానివి. సన్నగా ఉంటే నీ వంటని ఎవరు నమ్ముతారు?"

మొర్జినాకి నవ్వొచ్చింది. నవ్వితే తెప్ప ఊగింది, మళ్లీ గట్టిగా పట్టుకుంది. ముసలామె దగ్గుతూ గడ వేసింది.

కట్ట మీద బడిలో మునిగిన ఊళ్ల వాళ్లు తలదాచుకున్నారు. వరండా చివర నరికిన అరటి ఆకులు, డొప్పలు కుప్పగా పడున్నాయి. మూడు మేకలు తీరిగ్గా నములుతున్నాయి. వాటి మూతుల కింద మూడు గెలలు, ఒకటి సగం అయిపోయింది. మొర్జినా తెప్ప ఆగకముందే దిగి, మోకాలి లోతు నీళ్లలో నడిచి వెళ్లి గిల్లింది. జిగురు బుస్సున పొంగింది. వేలంతా అంటుకుంది.

"ఇవి నాకు కావాలి," అంది మేకల పక్కనున్న ఆవిడతో. ఆవిడ చంకలో దగ్గుతున్న ఐదేళ్ల పిల్ల ఉంది.

"నా మేకలేం తినాలి?"

తెప్ప దిగొచ్చిన జోబేదా నడుం దగ్గర మూట విప్పింది. తాటి కలకండ సంచి తీసి ఆ పిల్ల చేతిలో పెట్టింది. "రోజూ ఒక గడ్డ, బుగ్గన పెట్టుకో. నీ దగ్గుకి. దీనికి విరేచనాలు లేవుగా?" అని తల్లిని అడిగి, లేవన్నాక సంచి వదిలింది. "మేకలకి ఆకులు చాలు. గెలలు మాకిచ్చెయ్."

తిరుగు ప్రయాణంలో మొర్జినా గెలలు ఒళ్లో పట్టుకుని కూర్చుంది. ఆసుపత్రి దగ్గరపడుతుంటే, "నీ దగ్గుకి ఏంటి మరి?" అంది.

"నువ్వు అల్లం కషాయం కాచి ఇస్తావు. రోజుకి రెండుసార్లు. నేను అంటానన్న మాటలకి బదులు అదే జరిమానా."

గెలలు ఈసారి పొయ్యి దగ్గరికి వెళ్లలేదు. వెనక వరండాలో, గాలి తగిలేచోట, తడి గోనె కప్పి వేలాడాయి. కొన్న రోజే కాదు, వండే ప్రతిపూటా మొర్జినా గిల్లింది. గిన్నె వార్డులోకి వెళ్లేముందు తను ఒక చెంచా, జోబేదా ఒక చెంచా. చప్పగా ఉంటేనే గిన్నె కదిలేది.

మోయ్నాకి మాత్రం ఆ చప్పిడి నచ్చలేదు. తీపి మరిగిన నాలిక. మొదటి చెంచా మొర్జినా మొహం మీదే ఉమ్మింది. రెండోది షెఫాలి ఒళ్లో పడింది.

"మూడు రోజులు నువ్వే చెడగొట్టావు, నువ్వే బాగుచెయ్యి," అంది జోబేదా.

మొర్జినా మొహం తుడుచుకుని మూడో చెంచా ఎత్తింది. ఒక చెంచా, ఆగి, ఇంకో చెంచా. షెఫాలి పాట పాడింది, జోబేదా పళ్లులేని నోరు తెరిచి కాకిలా అరిచింది, పిల్ల ఆశ్చర్యపోయి నోరు తెరిచినప్పుడల్లా చెంచా లోపలికి వెళ్లింది. ఆ గిన్నెకి రెండు గంటలు పట్టింది. తర్వాతి గిన్నెకి గంటన్నర.

శుక్రవారం విరేచనాలు ఆరు. బరువు అదే, పెరగలేదు, తగ్గలేదు. శనివారం పొద్దున లాంచీ కూత రేవు నుంచి వినపడుతుండగా లుబ్నా పిల్లని కొక్కేనికి వేలాడదీసింది. ముల్లు ఊగి, ఊగి, ఐదు కిలోల నూట తొంభై దగ్గర నిలిచింది. లుబ్నా కాగితం మీద రాసుకుంది. మళ్లీ ముల్లు వైపు చూసింది.

"లాంచీ వెళ్లనిద్దాం," అంది.

షెఫాలి గోడకి ఆనుకుని కూర్చుండిపోయింది. జోబేదా మొర్జినా వైపు తిరిగి, "అరవై గ్రాములు ఎంత, కోడిగుడ్డు లెక్కలో?" అని అడిగింది.

"ఒకటి. కాస్త పెద్దది."

ఇంకో పదకొండు రోజులున్నారు. నీళ్లు వంటింట్లోంచి దిగి, మెట్లు దిగి, నదిలోకి వెళ్లిపోయాయి. ఇద్రీస్ పడవ వచ్చింది. కాయలన్నీ గిల్లుతుంటే అతను ఏదో అనబోయి, పక్కన నిలబడ్డ ముసలామెని చూసి తెడ్డు అందుకున్నాడు. మోయ్నా ఐదు కిలోల ఏడొందలైంది. విరేచనం రోజుకి రెండుసార్లు, గట్టిగా. లుబ్నా ఇంటికెళ్లొచ్చంది.

బయల్దేరే రోజు మధ్యాహ్నం మొర్జినా వాళ్లకి భోజనం పెట్టింది. వేడన్నం, పప్పు, చిన్న చేపల పులుసు. షెఫాలి పళ్లెం ముందు కూర్చుని మొదటి ముద్ద కలుపుతుండగా ఒళ్లో ఉన్న మోయ్నా ముందుకు వంగి, పళ్లెంలో చెయ్యి పెట్టి, పిడికెడు మెతుకులు పట్టుకుంది.

జోబేదా చెయ్యి చటుక్కున ముందుకొచ్చింది. పిల్ల మణికట్టు పట్టుకుంది. నలభై ఏళ్ల అలవాటు అది. పట్టుకుని, అలాగే మొర్జినా వైపు చూసింది. మొర్జినా నీళ్ల చెంబు పట్టుకుని నిలబడింది, అంతే.

ముసలామె వేళ్లు ఒక్కొక్కటే వదిలాయి. మోయ్నా పిడికిలి నోట్లోకి వెళ్లింది. సగం మెతుకులు గడ్డం మీద, సగం లోపల.

"తినవే తల్లీ," అంది జోబేదా, కొంగుతో పిల్ల గడ్డం తుడుస్తూ.

మొర్జినా చెంబు కింద పెట్టి, వంటింట్లోకి వెళ్లి, ఇంకో గరిటెడు అన్నం తెచ్చి ఆ పళ్లెంలో వేసింది.